మిన్‌మ్యాక్స్ బ్రిన్‌గా ఎందుకు మారింది? ఇండెక్స్‌కు పేరు పెట్టడంలో ఉన్న తిరకాసు

2013లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆల్వారో హెరేరా ఒక కొత్త రకం ఇండెక్స్‌ను (డేటాను త్వరగా వెతకడానికి కట్టుకునే సూచికను) ప్రతిపాదించినప్పుడు దాని పేరు మిన్‌మ్యాక్స్. 2016 జనవరిలో 9.5 వెర్షన్‌తో అది అందరి చేతికీ వచ్చేసరికి పేరు బ్రిన్ అయింది. బయటి నుంచి చూస్తే ఇది పనిలేని పంచాయితీలా ఉంటుంది. పనిచేసే కోడ్ ఉంది కదా, ఏ పేరైతే ఏం? కానీ ఆ పాత పేరే ఉండిపోయి ఉంటే 2021 నాటికి పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో ఒక వింత వాక్యం రాయాల్సి వచ్చేది. అదేంటో తెలియాలంటే ముందు ఈ ఇండెక్స్ ఏం చేస్తుందో చూడాలి.

హైదరాబాద్ మెట్రోలో స్మార్ట్ కార్డు ట్యాప్ చేసిన ప్రతిసారీ ఒక టేబుల్‌లో ఒక వరుస చేరుతుందనుకుందాం: కార్డు నంబరు, స్టేషను, గేటు, సమయం. వరుసలు వచ్చిన క్రమంలోనే డిస్క్ మీద పేరుకుంటాయి కాబట్టి ఉదయపు ట్యాపులు ఒకచోట, సాయంత్రపువి ఇంకోచోట ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ ఈ టేబుల్‌ను 8 కిలోబైట్ల పేజీలుగా దాచుకుంటుంది, వీటినే బ్లాకులనీ అంటారు. కొత్త ఇండెక్స్ చేసే పని ఇంతే: ప్రతి 128 పేజీలకు, అంటే ప్రతి ఒక్క ఎంబీకి, అందులో ఉన్న అతి చిన్న సమయం, అతి పెద్ద సమయం రాసిపెట్టుకుంటుంది. నిన్న సాయంత్రం 6 నుంచి 8 మధ్య అమీర్‌పేటలో ఎన్ని ట్యాపులు పడ్డాయని ఎవరైనా అడిగితే, ఆ సమయం తగలని ఎంబీలన్నిటినీ తెరవకుండానే వదిలేస్తుంది. మిగిలినవాటిని మాత్రం వరుస వరుసా చదువుతుంది. 100 జీబీ టేబుల్‌కు సుమారు లక్ష ఎంట్రీలు చాలు, కొన్ని ఎంబీలతో పని అయిపోతుంది. అదే సమయం కాలమ్ మీద విలువలను క్రమంలో ఉంచే మామూలు బీ-ట్రీ ఇండెక్స్ కడితే జీబీలు తింటుంది.

చిన్నది, పెద్దది రాసుకుంటుంది కాబట్టి మిన్‌మ్యాక్స్. చూడగానే అర్థమయ్యే పేరు, మొదటి డిజైన్‌కు అతికినట్టు సరిపోయే పేరు. చిక్కంతా ఆ అతకడంలోనే ఉంది.

సమయానికీ, అంకెకీ చిన్న పెద్ద తేడా ఉంటుంది. మ్యాప్ మీద గీసిన చతురస్రాల్లో ఏది చిన్నది, ఏది పెద్దది? ఐపీ అడ్రస్ నెట్‌వర్కుల్లో? అక్కడ కనిష్ఠం, గరిష్ఠం కాకుండా అన్నిటినీ కలిపి చుట్టే ఒక పెద్ద పెట్టెను రాసుకోవాలి. ప్యాచ్ (ప్రతిపాదించిన కోడ్ మార్పు) మీద చర్చ సాగుతుండగానే ఇండెక్స్ ఆ దిశగా విస్తరించింది. ఏ సారాంశం రాసుకోవాలన్నది డేటా రకాన్ని బట్టి మార్చుకునేలా తయారైంది. అంటే కనిష్ఠం, గరిష్ఠం అనేవి ఇండెక్స్ స్వభావం కాదు, అందులో పెట్టగలిగిన సరుకుల్లో ఒకటి మాత్రమే. మారనిది ఒక్కటే: బ్లాకుల గుంపుకు ఒక సారాంశం. అందుకే బ్లాక్ రేంజ్ ఇండెక్స్, పొట్టిగా బ్రిన్. మిన్‌మ్యాక్స్ అనే మాట పోలేదు, ఒక మెట్టు కిందికి దిగి బ్రిన్ లోపల ఒక రకానికి పేరైంది.

2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో బ్రిన్‌కు ఇంకో రెండు రకాలు చేరాయి. ఒకటి బ్లూమ్ ఫిల్టర్. ఇందులో కనిష్ఠం, గరిష్ఠం ఊసే లేదు. ఈ విలువ ఈ బ్లాకుల్లో ఉండొచ్చా, కచ్చితంగా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఇండెక్స్ పేరు మారకుండా ఉండి ఉంటే 'మిన్‌మ్యాక్స్ ఇండెక్స్‌లో కనిష్ఠ గరిష్ఠాలు వాడని రకం' అని రాయాల్సి వచ్చేది. రెండోది మల్టీ మిన్‌మ్యాక్స్, దాని అవసరం మెట్రో ఉదాహరణలోనే కనిపిస్తుంది. ఏదో స్టేషన్‌లో గేటుకు నెట్‌వర్క్ తెగి, దాని ట్యాపులు రెండు రోజుల తర్వాత వచ్చి చేరాయనుకోండి. ఇవాళ్టి ఎంబీలోకి మొన్నటి వరుస ఒక్కటి వచ్చి పడినా ఆ ఎంబీ కనిష్ఠం మొన్నటికి జారిపోతుంది. ఇక మొన్నటి గురించి, నిన్నటి గురించి ఎవరు ఏం అడిగినా ఆ ఎంబీ తెరవాల్సిందే. మల్టీ రకం ఒకే పెద్ద విస్తీర్ణం బదులు కొన్ని చిన్న చిన్న విస్తీర్ణాలు రాసుకుని ఈ తలనొప్పి తప్పిస్తుంది.

క్లిక్‌హౌస్ అనే మరో డేటాబేస్ వేరే దారిలో అదే చోటికి చేరింది. అక్కడ మొత్తం జాతికి డేటా స్కిప్పింగ్ ఇండెక్స్ అని పేరు, దాని కింద మిన్‌మ్యాక్స్ ఒక రకం, సెట్ ఒక రకం, బ్లూమ్ ఫిల్టర్ ఒక రకం.

నిజానికి ఈ ఆలోచన బ్రిన్‌తో పుట్టింది కాదు. 1998లోనే గైడో మోర్‌కోటే దీన్ని స్మాల్ మెటీరియలైజ్డ్ అగ్రిగేట్స్ పేరుతో వివరించాడు. వంక పెట్టడానికి వీల్లేనంత కచ్చితమైన పేరు, కానీ మీటింగ్‌లో రెండుసార్లు పలికితే మూడోసారి ఎవరూ పలకరు. డేటా వేర్‌హౌస్ కంపెనీ నెటీజా జోన్ మ్యాప్ అంది. వినడానికి అన్నిటికన్నా హాయిగా ఉన్నది ఇదే, ఒరాకిల్ కూడా తర్వాత 12సీలో ఈ మాటే వాడుకుంది. ఒరాకిల్ డేటాబేస్ యంత్రం ఎక్సాడేటాలో మాత్రం దాదాపు ఇదే ఏర్పాటుకు స్టోరేజ్ ఇండెక్స్ అని పేరు. స్టోరేజ్‌లో లేని ఇండెక్స్ ఏముంటుంది? పైగా మొదట్లో ఇది స్టోరేజ్ సర్వర్ మెమరీలోనే ఉండేది, సర్వర్ రీస్టార్ట్ అయితే పోయేది. ఇంత పేలవమైన పేరుతో కూడా ఎవరికీ పెద్దగా ఇబ్బంది కలగలేదు. ఎందుకంటే దాన్ని వాడేవాడు సృష్టించడు, పేరు టైప్ చేయడు. యంత్రమే కట్టుకుంటుంది, యంత్రమే పారేస్తుంది.

అసలు తేడా ఇక్కడే ఉంది. చేత్తో టైప్ చేసే పేరు వేరు, బ్రోషర్‌లో ఉండే పేరు వేరు. పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్స్ రకం పేరు క్రియేట్ ఇండెక్స్ కమాండ్‌లో యూజింగ్ అనే మాట పక్కన వస్తుంది. అక్కడి నుంచి సిస్టమ్ కేటలాగ్‌లోకి, ఎర్రర్ మెసేజ్‌లోకి, ఎక్స్‌ప్లెయిన్ అవుట్‌పుట్‌కు అలవాటుపడ్డ డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడి) నోట్లోకి వెళుతుంది. ముఖ్యంగా బ్యాకప్ డంపు ఫైళ్లలోకి వెళుతుంది. ఆ ఫైళ్లు తయారుచేసే పీజీ డంప్, క్రియేట్ ఇండెక్స్‌గా రాసే ప్రతి ఇండెక్స్‌కూ రకం పేరు విడమరిచి రాస్తుంది, మామూలు బీ-ట్రీ అయినా సరే. ఎక్కడో ఒక సర్వర్ మూల పదేళ్ల నాటి డంపు ఫైల్ ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రీస్టోర్ చేస్తారు.

ఆర్-ట్రీ కథ దీనికి సాక్ష్యం. 1984లో ఆంటోనిన్ గట్‌మన్ మ్యాప్ లాంటి డేటాను వెతకడానికి రూపొందించిన ఈ నిర్మాణం పోస్ట్‌గ్రెస్‌లో చాలాకాలం సొంత పేరుతో ఉండేది. జిస్ట్ అనే సాధారణ చట్రం అదే పనిని అంతకన్నా బాగా చేస్తుండటంతో 2006లో వచ్చిన 8.2లో ఆర్-ట్రీని తీసేశారు. కోడ్ పోయింది, పేరు పోలేదు. పాత డంపుల్లో 'యూజింగ్ ఆర్‌ట్రీ' అని ఉంటుంది మరి. అందుకని ఆ పేరు కనిపిస్తే దాని బదులు జిస్ట్ పెట్టి, కాలం చెల్లిన పద్ధతికి బదులు జిస్ట్ వాడుతున్నామని ఒక నోటీస్ ఇచ్చే చిన్న మినహాయింపును ఇంజిన్‌లో పెట్టారు. సోర్స్ కోడ్‌లో దాని పక్కనున్న వ్యాఖ్య కూడా దాన్ని హ్యాక్ అనే పిలుస్తుంది. చనిపోయిన ఇండెక్స్ పేరు కోసం బతికున్న కోడ్ మోయడమంటే ఇదే.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ ఇంకాస్త మొహమాటస్తురాలు. దాని మామూలు స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ టేబుల్ మీద 'యూజింగ్ హ్యాష్' అని రాస్తే ఎర్రర్ కొట్టదు, మహా అయితే ఒక నోట్ ఇచ్చి బీ-ట్రీ కట్టిపెడుతుంది. ఇక ఎన్‌డీబీ క్లస్టర్ ఇంజిన్‌లో బీట్రీ అని చూపించే ఇండెక్స్ లోపల టీ-ట్రీ అనే వేరే నిర్మాణం. అంటే కమాండ్‌లో పేరు అలాగే ఉండి, అర్థం మాత్రం ఇంజిన్‌ను బట్టి మారుతోంది. ఇది మోసమా అంటే పూర్తిగా కాదు. విలువలను క్రమంలో ఉంచుతుంది, రేంజ్ వెతుకులాటకు పనికొస్తుంది అన్న హామీ రెండుచోట్లా నిలబడుతోంది. వాడేవాడు పేరులో చూసేది ఆ హామీనే.

బీ-ట్రీ పేరుకు ఇంత సాగే గుణం ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన సంగతి. రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970లో బోయింగ్ పరిశోధనశాలలో దీన్ని తయారుచేశారు, 1972లో పత్రికలో అచ్చయింది. బీ అంటే ఏమిటో వాళ్లు ఎక్కడా చెప్పలేదు. బోయింగా, బేయరా, బ్యాలెన్స్‌డా, బ్రాడా, ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. ఖాళీ అక్షరం కావడమే దాని అదృష్టం. డేటా మొత్తం ఆకుల్లోకి వెళ్లినా బీ ప్లస్ ట్రీగా కుటుంబంలోనే ఉంది. పోస్ట్‌గ్రెస్ అమలుచేసింది 1981లో లేమన్, యావో ప్రతిపాదించిన రూపం, అయినా దాన్నీ బీట్రీ అనే అంటారు. 2020లో 13వ వెర్షన్‌లో డూప్లికేట్ విలువలను కుదించే పద్ధతి చేరినప్పుడు పేరు గురించి ఎవరికీ ఆలోచనే రాలేదు. దీన్నిబట్టి అన్నిటికీ అర్థంలేని అక్షరం పెట్టేయమని కాదు. బీ-ట్రీకి యాభై ఏళ్ల వాడుక అర్థం పోసింది. నిన్న పుట్టిన ఇండెక్స్‌కు క్యూ-ట్రీ అని పెడితే ఆ అర్థం ఎవరు పోస్తారు?

బ్రిన్ మరీ అతికిన పేరుకూ, అర్థంలేని అక్షరానికీ మధ్యన నిలబడింది. అక్షరాలు విప్పితే అర్థం ఉంది, విప్పకపోయినా పలకడానికి వీలుగా ఉంది. బ్లాక్ అన్న మాట ఉండటం ఇంకో మేలు. డేటా డిస్క్ మీద ఏ క్రమంలో ఉందన్నదే ఈ ఇండెక్స్‌కు ప్రాణం, ఆ సూచన పేరులోనే ఉంది. కార్డు నంబరు కాలమ్ మీద బ్రిన్ కడితే దండగ, ఎందుకంటే ప్రతి ఎంబీలోనూ అన్ని రకాల నంబర్లూ కలగాపులగంగా ఉంటాయి. కానీ రేంజ్ అన్న మాట మాత్రం అంత మంచి ఎంపిక అనిపించదు. పోస్ట్‌గ్రెస్‌లో 2012 నుంచి రేంజ్ అనే డేటా రకమే ఒకటుంది, రేంజ్ పార్టిషన్లు ఉన్నాయి, రేంజ్ క్వెరీలు సరేసరి. బ్రిన్‌లోని రేంజ్ వీటిలో ఏదీ కాదు, అది పక్కపక్క బ్లాకుల వరుస. రేంజ్ రకం కాలమ్ మీద బ్రిన్ కట్టడం కూడా సాధ్యమే కాబట్టి కొత్తవాళ్లకు అయోమయం ఖాయం. పొట్టి పేరు బాగా కుదరడంతో పూర్తి పేరులోని ఈ లోపం మరుగున పడింది, అంతే.

జిన్ అనే మరో పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్ విషయంలో పొట్టి పేరే వేరే దారి పట్టింది. జనరలైజ్డ్ ఇన్వర్టెడ్ ఇండెక్స్ పొట్టి రూపం అది, ఓలెగ్ బార్టునోవ్, తియోడోర్ సిగయేవ్ చేతిలో తయారై 8.2లోనే వచ్చింది. దీన్ని మత్తు పానీయంగా కాకుండా దీపంలోంచి వచ్చే జిన్‌గా భావించమని దాని రీడ్‌మీ ఫైల్‌లోనే రాసి ఉంది. హైదరాబాద్‌లో ఆ మాట ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, చార్మినార్ వైపు ఎవరినడిగినా జిన్ అంటే ఏమిటో చెబుతారు. కానీ సరదా ఒకసారి మొదలైతే ఆగదు. 2014లో వోడ్కా అనే ఇండెక్స్ ప్రతిపాదన వచ్చింది, ప్రధాన పోస్ట్‌గ్రెస్‌లోకి చేరలేదు. తర్వాత పోస్ట్‌గ్రెస్ ప్రో నుంచి రమ్ వచ్చింది. జిన్ ఆధారంగా తయారై, పదాల స్థానాల వంటి అదనపు సమాచారం దాచుకుని టెక్స్ట్ వెతుకులాటలో ర్యాంకింగ్ వేగం పెంచే ఎక్స్‌టెన్షన్ అది. సరుకు మంచిదే. పేరు చూస్తే మాత్రం జిన్‌కు చుట్టమని తెలుస్తుందే గానీ ఏం చేస్తుందో తెలియదు. పైగా మానిటరింగ్ టీముల భాషలో రమ్ అంటే రియల్ యూజర్ మానిటరింగ్. గో భాషలో జిన్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఉంది కాబట్టి, ఎర్రర్ వచ్చి టెన్షన్‌లో వెతికేవాడికి ముందు ఏది దొరుకుతుందో వాడి అదృష్టం. కొత్త పేరు పెట్టేముందు దాన్ని సెర్చ్‌లో ఒకసారి కొట్టి చూడటం పది నిమిషాల పని.

పేరు అసలే లేకపోవడం కన్నా, ఉన్న పేరునే తెచ్చి వేరే అర్థంలో పెట్టడం ఎక్కువ నష్టం చేస్తుంది. క్లస్టర్డ్ అన్న మాటే చూడండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో ఎస్‌క్యూఎల్ సర్వర్ నేర్చుకున్న ఎవరికైనా ఇంటర్వ్యూ ప్రశ్న కంఠతా వచ్చు: ఒక టేబుల్‌కు ఎన్ని క్లస్టర్డ్ ఇండెక్సులు ఉండొచ్చు? ఒకటే, ఎందుకంటే టేబులే ఆ క్రమంలో ఉంటుంది. అదే మనిషి మాదాపూర్‌లో పోస్ట్‌గ్రెస్ వాడే ఆఫీసులో చేరితే అక్కడ క్లస్టర్ ఒక కమాండ్. నడిపినప్పుడు టేబుల్‌ను ఇండెక్స్ క్రమంలో సర్దుతుంది, ఆ తర్వాత వచ్చే వరుసలను పట్టించుకోదు. ఇనిట్‌డీబీతో తయారయ్యే మొత్తం డేటా డైరెక్టరీనీ క్లస్టర్ అనే అంటారు. పక్క టీమ్‌కు క్లస్టర్ అంటే మూడు మెషిన్లు. ఒరాకిల్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ అర్థానికి దగ్గరగా ఉన్నది ఇండెక్స్ ఆర్గనైజ్డ్ టేబుల్. పొడుగు పేరే, కానీ దాన్ని ఇంకోదానితో పొరబడేవాడు ఉండడు.

మంచి పేరును తొందరపడి తప్పు వస్తువుకు ఇచ్చేస్తే ఏమవుతుందో మైఎస్‌క్యూఎల్ యూటీఎఫ్8 చూపించింది. ఇది ఇండెక్స్ రకం కాదు గానీ దెబ్బ తగిలింది ఇండెక్సులకే. ఆ పేరుతో వచ్చిన క్యారెక్టర్ సెట్ ఒక్కో అక్షరానికి మూడు బైట్ల వరకే దాచగలదు. తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు ఒక్కోటీ యూటీఎఫ్8లో సరిగ్గా మూడు బైట్లు, కాబట్టి తెలుగు టెక్స్ట్ హాయిగా నిలిచేది. చాలా ఇమోజీలకు నాలుగు బైట్లు కావాలి, అవి పెట్టగానే ఇబ్బంది. సరైన నాలుగు బైట్ల రూపం 2010లో 5.5.3తో వచ్చేసరికి అసలు పేరు ఖాళీ లేదు. అందుకే యూటీఎఫ్8ఎంబీ4 అనే తోక. పాత టేబుల్‌ను దీనికి మారిస్తే 255 అక్షరాల కాలమ్ 765 బైట్ల నుంచి 1,020 బైట్లకు పెరిగేది. అప్పటి మామూలు ఇన్నోడీబీ ఇండెక్స్ కీ పరిమితి 767 బైట్లు. కీ మరీ పొడుగైందని ఎర్రర్ వచ్చేది. చాలా పాత ప్రాజెక్టుల్లో కాలమ్ పొడవు 191 అనే వింత అంకె కనిపించడానికి కారణం ఇదే: 191ని నాలుగుతో గుణిస్తే 764.

న్యూ, ఫాస్ట్, అడ్వాన్స్‌డ్, 2 లాంటి తోకల గురించి హైదరాబాద్‌లో ఎక్కువ వాదించాల్సిన పని లేదు. మూసీ మీద నయాపూల్ పేరుకు కొత్త వంతెన. 1908 వరదల నాటికే అది ఉంది.

ఇప్పుడు ఈ పంచాయితీ వెక్టర్ ఇండెక్సుల దగ్గరికి, అంటే అంకెల వరుసలుగా మార్చిన డేటాలో దగ్గరి పోలికలు వెతికేవాటి దగ్గరికి వచ్చింది. పీజీవెక్టర్ అనే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్‌లో మొదట ఐవీఎఫ్‌ఫ్లాట్ ఉండేది, 2023లో 0.5.0తో హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ చేరింది. రెండూ అల్గారిథమ్ పేర్లే. రెండోది హైరార్కికల్ నావిగబుల్ స్మాల్ వరల్డ్, 2016లో మల్కోవ్, యషునిన్ రాసిన పేపర్ నుంచి నేరుగా దిగింది. 'యూజింగ్ వెక్టర్' అని ఒక్క పేరు పెట్టి లోపల ఏదైనా వాడుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ అది కుదరదు. ఐవీఎఫ్‌ఫ్లాట్‌కు ఎన్ని లిస్టులుగా విడగొట్టాలో చెప్పాలి, పైగా టేబుల్‌లో డేటా చేరాకే కట్టడం మంచిది. హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూకి ఎమ్ అని, ఈఎఫ్ కన్‌స్ట్రక్షన్ అని వేరే మీటలు, ఖాళీ టేబుల్ మీదైనా కట్టొచ్చు. కట్టడానికి పట్టే సమయం, మెమరీ వేరు, దొరికే జవాబుల నాణ్యత వేరు. మీటలు వాడేవాడి చేతిలో పెట్టినప్పుడు పేరు దాచి లాభం లేదు. దాస్తే ఏ మీట దేనిదో తెలియక తిప్పుతూ కూర్చుంటాడు.

పలకడంలో మాత్రం ఇది ఓడిపోయింది. జిన్, జిస్ట్, బ్రిన్ తెలుగు మాటల్లో ఇట్టే ఇమిడిపోతాయి: 'ఆ టేబుల్ మీద జిన్ వేశాక ఇన్సర్టులు స్లో అయ్యాయి', 'బ్రిన్ పెట్టి చూశారా?' హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ అని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు విడివిడిగా పలికే ఓపిక స్టాండప్ మీటింగ్‌లో ఎవరికీ ఉండదు, వెక్టర్ ఇండెక్స్ అనేస్తారు. దాంతో ఐవీఎఫ్‌ఫ్లాటా, హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూనా అన్న అసలు తేడా మాటల్లో మాయమై, పర్ఫార్మెన్స్ టికెట్ వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది. ఇంకో పక్క టైమ్‌స్కేల్ పీజీవెక్టర్‌స్కేల్ ఎక్స్‌టెన్షన్ డిస్క్ఏఎన్ఎన్ పేరుతో మరో రకాన్ని తెచ్చింది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2019లో ప్రచురించిన పద్ధతి పేరు అది. ఇందులో డిస్క్ అన్న మాట పేరులోనే ఉంది. మెమరీలో పట్టనంత పెద్ద డేటాను ఎస్‌ఎస్‌డీ మీద ఉంచి వెతకడం ఆ పద్ధతి మొదటి ఉద్దేశం. బ్రిన్ విషయంలో మిన్‌మ్యాక్స్‌ను అడిగిన ప్రశ్ననే దీన్నీ అడగొచ్చు: ఇదే గ్రాఫ్‌ను పూర్తిగా మెమరీలో నడిపితే డిస్క్ అన్న మాటను ఏం చేస్తారు? డంపు ఫైళ్లలోకి ఆ పేరు ఇప్పటికే వెళ్లిపోయింది.